కడిగిన చెయ్యి

దొరసానిని గోనెసంచిలో వేసి మూతి కట్టమని చెప్పినవాడు కుప్పంలో ఉన్నాడు. చెప్పింది చెప్పినట్టు కట్టినవాడు పుంగనూరు పక్కన చిన్నబండపల్లెలో ఉన్నాడు. ఆ ముడి విప్పింది మాత్రం మునీశ్వరి. ఆ ఇంట్లో కుప్పం పెద్దాయన మాటకు ఎదురు చెయ్యి పడటం అదే మొదలు.

అప్పటికి ఆమె మొగుడు ఆంజనేయులు సంచిని మోటారుసైకిల్ ట్యాంకు మీద పెట్టుకుని కిక్కు కొట్టబోతున్నాడు. సంచిలోంచి అరుపు లేదు. గరగరమని గోక్కునే చప్పుడు మాత్రం వస్తోంది. ఎక్కడికి తీసుకుపోతున్నారో తెలియని గోనె చీకట్లో కూడా ఆ పిల్లికి మెడ గోక్కోవడమే పని. ఆవుకు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తున్న మునీశ్వరి ఆ చప్పుడు విన్నది. నెలల తరబడి వింటున్న చప్పుడు, ఎక్కడ విన్నా పట్టేస్తుంది. మోపు అక్కడే పడేసి వచ్చి, బండి తాళంచెవి తిప్పి, లాగి కొంగున కట్టుకుంది.

ఆంజనేయులు మంచివాడే. అన్న ముందు నోరు లేని మంచివాడు. బండి దిగకుండానే సంజాయిషీ మొదలుపెట్టాడు. "అన్న సెప్పినాడు మే. కొత్త పట్టుపురుగులు వచ్చేలోపల దీన్ని పలమనేరు అడివిలో ఇడిసిపెట్టి రమ్మన్నాడు."

"అన్న సెప్పినాడు, తమ్ముడు కట్టినాడు. పెంచినదాన్ని ఒక మాట అడగబళ్లేదా?"

ముడి గట్టిగా ఉంది. పళ్లతో లాగి విప్పింది. పిల్లి బయటికి దూకలేదు. తల బయటపెట్టి, ఎండకు కళ్లు మూసుకుని, వెనక కాలితో మళ్లీ చెవి వెనక గోక్కుంది. ఒకప్పుడు తెల్లగా, వీపున రెండు పసుపు మచ్చలతో, షెడ్డు గోడ మీద తోక ఎత్తి నడిచేది. ఆ నడక చూసే దొరసాని అని పేరు పెట్టారు. ఇప్పుడు మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి, తోలు ఎర్రగా, చీము కట్టి, పక్కులు పక్కులుగా ఉంది. కడుపు కింద కూడా అంతే.

జరిగిన అన్యాయం చిన్నదేమీ కాదు. పోయిన పంటలో పట్టుపురుగులు ఆఖరి జ్వరం, అంటే పొర విడిచే నిద్ర, దాటి, ఇంకేం గూడు కట్టబోతాయనగా ఉబ్బిపోయాయి. తోలు చిట్లి పాలలాంటి నీళ్లు కారుస్తూ తట్ల అంచులకు వేలాడాయి. పాలరోగం. షెడ్డు షెడ్డంతా గుంత తీసి పూడ్చారు. అప్పుడు కుప్పం నుంచి మునిరాజు వచ్చాడు, ఆంజనేయులుకు అన్న. గుంతను చూశాడు, షెడ్డు చూశాడు, గుమ్మంలో పడుకున్న పిల్లిని చూశాడు. ఇంట్లో చీము కారే జంతువును పెట్టుకుని మేపితే పురుగుకు పాలు కారక తేనె కారుతుందా అన్నాడు. ఇంకేముంది, ఊరంతా ఆ మాటే. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పంట పోయిన కోపమంతా పిల్లి మీద పడింది. షెడ్డులో ఒక్క ఎలుక పిల్లను కూడా మిగల్చకుండా ఇన్ని పంటలు కాపలా కాసిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అత్త వెంకటలక్ష్మమ్మ అరుగు మీద నుంచి లేవకుండానే తీర్పు చెప్పింది. "పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు గానీ అమ్మీ, పిల్లి పుండ్లకు పంట పాయె గదా. పెద్దోడు ఊరికే సెప్తాడా?"

మునీశ్వరి పిల్లిని చంకలో వేసుకుని నిలబడింది. లోపల మండిపోతోంది. అయినా గొంతు పెంచలేదు. రోగమొస్తే డాక్టరుకు చూపిస్తారు గానీ సంచిలో కడతారా అని అడిగింది. మదనపల్లెకు తీసుకుపోయి చూపిస్తానంది. పురుగులు చచ్చింది దీని వల్లనే అని డాక్టరు చెబితే తానే తన చేత్తో తీసుకుపోయి అడవిలో వదిలేస్తానంది. చెప్పకపోతే మాత్రం ఈ ఇంట్లో దాని జోలికి ఎవరూ పోకూడదంది.

"అన్నకేం సెప్పల్ల?" అన్నాడు ఆంజనేయులు, తాళంచెవి ఉన్న కొంగు వైపు చూస్తూ.

"నేను సెప్పినానని సెప్పు."

మర్నాడు పొద్దున్నే మదనపల్లె బస్సులో టమాటా క్రేట్లు రెండు మూతికి మూతి పెట్టి, తాడుతో బిగించి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల దొరసాని. పక్క సీటు ఆమె వాసనకు ముక్కు మూసుకుని లేచిపోయింది. పోనీలే, కాళ్లు చాపుకోవడానికి చోటు దొరికిందని అనుకుంది మునీశ్వరి.

డాక్టర్ తేజస్విని ఆసుపత్రి మార్కెట్ యార్డు వెనక సందులో ఉంది. వయసులో చిన్నది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ముందు పుండు చూడలేదు, మునీశ్వరిని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలైంది, దురద ముందా పుండు ముందా, ఇంట్లో ఎవరికైనా దురద ఉందా, ఇదివరకు ఏ మందు వాడారు. మునీశ్వరి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఒకతను సూది వేసేవాడు. వేసిన వారంలో పుండు ఎండేది, ఎండగానే మానేసేవాళ్లు. మళ్లీ వచ్చేది. మళ్లీ సూది. ప్రతిసారీ ముందుకన్నా పెద్దగా వచ్చేది.

"ఎండగానే మానేశారు" అని డాక్టరు ఆ మాటను తనలో తాను అనుకున్నట్టు అంది.

తర్వాత పని మొదలైంది. మెడ దగ్గర వెంట్రుకలు మిషన్‌తో తీసేసి, ఒక పక్కు కొస ఎత్తి, దాని కింది తడికి గాజుపలక అద్దింది. ఆ పలకను నీలం రంగులో ముంచి, కడిగి, ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఇంకోచోట బ్లేడుతో తోలును మెల్లగా గీకి ఆ గీకుడునూ చూసింది. లైటు ఆర్పి ఊదారంగు దీపం వేసి పిల్లి ఒళ్లంతా వెతికింది. గజ్జి పురుగు లేదంది, తామర కనబడలేదంది. గాజుపలక మీద మాత్రం మునీశ్వరిని కూడా చూడమంది. నీలంగా, రాగిగింజల్లా గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. అవి చీము పుట్టించే క్రిములు.

"ఇవి ఎక్కడి నుంచో రాలేదమ్మా. పిల్లి ఒంటి మీద మామూలుగా ఉండేవే. తోలు బాగుంటే బయటే పడి ఉంటాయి. తోలు తెగితే లోపలికి దూరతాయి. సూది వేస్తే కొన్ని చస్తాయి, మొండివి మిగులుతాయి. మళ్లీ మళ్లీ వస్తోందంటే పుండును చూసి లాభం లేదు. తోలును ఏది తెంపుతోందో, దాన్ని పట్టుకోవాలి."

పట్టుకోవడం కూడా మునీశ్వరి కళ్ల ముందే జరిగింది. సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్లకాగితం మీద వేసింది డాక్టరు. నలుసుల చుట్టూ తడి ఎర్రబడింది. అది మన్ను కాదు, పిల్లి నెత్తురు తాగి పేలు వేసిన పెంట. ఎగిరే పేలు. అవి కుడితే కొన్ని పిల్లుల ఒంటికి పడదు, ఒక్క పేను కుట్టినా చాలు, గోకి గోకి తోలు తెంపుకుంటాయి అని చెప్పింది.

అంతవరకు బాగానే ఉంది. ముందుకాలు ఎత్తి చంక కింద చూసిన డాక్టరు అక్కడ గట్టిపడిన తెల్లటి పిండిని గోటితో తీసింది. ఇదేమిటని అడిగింది.

"పొడి మేడం" అంది మునీశ్వరి, తెలిసింది చెప్పే ధీమాతో. "పురుగుల పడక మీద సల్లేది. ఏ రోగమూ రాకుండా పెట్టుకునేది. నేనే పూస్తాండా. పొద్దున ఒకతూరి, మాపున ఒకతూరి."

పట్టుపురుగులు మేపే ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఎవరూ చేయని పని అది. జ్వరం నుంచి లేచిన పురుగు మీద ఆ పొడి జల్లెడ పట్టి చల్లితే పురుగు శుభ్రంగా ఉంటుంది. అంత సుకుమారమైన పురుగుకే మంచి చేసేది పిల్లికి చెడు చేస్తుందని ఎవరు అనుకుంటారు? డాక్టరు ఆ పిండిని తడివేలి మీద రుద్దుకుని చూసింది. ఇందులో సున్నం ఉందమ్మా అంది. పచ్చిపుండు మీద సున్నం పడితే మండదా, మండితే నాకదా, నాకితే ఇంకా తెగదా అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మునీశ్వరికి కొంచెం తేలికగా ఉండేది. తల్లి బిడ్డకు పూసినట్టు పూసింది. కొంగుతో అద్ది మరీ పూసింది. తన చేతులను తాను చూసుకుంది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

డాక్టరు అల్మారాలోంచి చిన్న మందు గొట్టం తీసి, పేలకు ఇది మెడ మీద చుక్కలు వేస్తే చాలు అంటూ మూత తిప్పబోయింది. మునీశ్వరి కళ్లు తుడుచుకుంటూనే ఆమె చెయ్యి పట్టుకుంది. పురుగులు మేపే ఇంట్లో దోమల చుట్ట కూడా ముట్టించరని, పేలు చచ్చే మందుకు పట్టుపురుగు ముందు చస్తుందని చెప్పింది. డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి గొట్టం వెనక్కి పెట్టేసింది. అయితే దువ్వెనే మందు, రోజూ దువ్వి రాలినవి సబ్బునీళ్లలో ముంచాలి, పడుకునే గోనెను వేడినీళ్లలో ఉడకబెట్టాలి, షెడ్డు ఛాయలకు రానివ్వకూడదు అంది. చీమును పుల్లతో తీసి గొట్టంలో పెట్టి, ఏ మందుకు చస్తుందో తెలుసుకోవడానికి తిరుపతికి పంపిస్తానంది. ఆ సంగతి తెలిసేదాకా ఒళ్లు కడగడానికి ఒక మందునీళ్ల సీసా ఇచ్చింది. నాక్కోకుండా మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ కట్టింది.

లేచేముందు మునీశ్వరి తాను వచ్చిన మాట అడిగింది. దీని చీము వల్ల పురుగులకు పాలరోగం వస్తుందా?

"పురుగుల చదువు నాది కాదు. తెలియంది చెప్పను. ఈ చీముకు, మీరు చెప్పే పాలరోగానికి నాకైతే పొత్తు కనబడలేదు. పురుగుల వాళ్లనే అడగండి. కానీ దీని గురించి నేను అడిగినట్టే అడగండి, ఎందుకు వచ్చిందని కాదు, ఎట్లా లోపలికి వచ్చిందని."

ఇంటికి వస్తూనే వెంకటలక్ష్మమ్మ పిల్లి మెడలో పట్టీ చూసి, మైకు తగిలించుకొని వచ్చిందేమే ఇది అని పడీ పడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ. మునీశ్వరి ఇంట్లో ఉన్న పొడి డబ్బా తీసుకుపోయి షెడ్డు అటక మీద పెట్టింది. ఆవుల కొట్టం వెనక చుట్టిల్లును ఊడ్చి, ఉడకబెట్టి ఎండేసిన గోనె పరిచి దొరసానికి బస ఏర్పాటు చేసింది. గుమ్మంలో కూర్చుని పేలదువ్వెనతో దువ్వడం, చెంబులో సబ్బునీళ్లలో ముంచడం, పక్కులను తడిపి నానబెట్టి మెత్తబడ్డాక గుడ్డతో తీయడం, మందునీళ్లతో కడిగి ఆరేదాకా ఒళ్లో పెట్టుకోవడం, ఇదీ పని. దొరసానికి ఇవేవీ నచ్చలేదు. మునీశ్వరి మోచేతుల మీద గీతలు పడ్డాయి. పొలం పని, ఆవు పని, షెడ్డు కడిగే పని ఎప్పట్లాగే ఉన్నాయి, వాటికి తోడు ఇది. ఒక పిల్లికి ఇంత సేవా అని వీధిలో పోయేవాళ్లు ఆగి చూసి పోతుంటే, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తన మీద తానే సామెత వేసుకుని దువ్వుకుంటూ కూర్చుంది.

తిరుపతి నుంచి కబురు వచ్చిందని డాక్టరు ఫోన్ చేసింది. ఇన్నాళ్లూ వేయించిన సూదిమందుకు ఆ క్రిములు చావనే చావవట. వేరే మాత్ర బస్సులో పంపిస్తానంది. పుండు ఎండినా తాను ఆపమనేదాకా వేయాలంది. ఎండగానే మానేస్తే మిగిలినవి ఇంకా మొండిగా లేస్తాయని గట్టిగా చెప్పింది. మాత్రను ఎండుచేప ముక్కలో దాచి పెడితే దొరసాని చేప తిని మాత్ర ఉమ్మేసేది. చివరికి నాలుక వెనక్కి తోసి గొంతు నిమరడం నేర్చుకుంది మునీశ్వరి. ఆ వారం గడిచేసరికి పట్టీ పక్కన పెట్టినా పిల్లి గోక్కోకుండా పూటంతా నిద్రపోయింది. ఆ నిశ్శబ్దానికి మునీశ్వరే ఉలిక్కిపడి లేచి వెళ్లి చూసింది.

అడగాల్సిన రెండో మాట చాకీ పురుగులు, అంటే పిల్లపురుగులను పెంచి ఇచ్చే భానుప్రకాశ్‌ను ఫోన్‌లోనే అడిగింది. రెండో జ్వరం దాటిన పురుగులను ఎప్పుడు తెస్తావని మాట్లాడుతూ, పాలరోగం ఎట్లా లోపలికి వస్తుందప్పా అంది. అతను నవ్వాడు. పిల్లి సంగతి అతని దాకా పోయినట్టుంది. "పిల్లీ లేదు కుక్కా లేదక్కా. రోగం వచ్చిన షెడ్డులోంచి సెయ్యి తెస్తాది, కాలు తెస్తాది, తట్టు తెస్తాది. మనిషిని మించి మోసేది యాడుండాది? మందునీళ్లలో కాళ్లు ముంచను గుమ్మంలో పళ్లెం పెట్టుకోమని ఇచ్చినాం గదా, పెడతాండారా?"

ఆ పళ్లెం వాళ్లింట్లో దూడకు కుడితి పోయడానికి పనికొస్తోంది. మునీశ్వరి ఫోన్ పెట్టేసింది.

కొత్త పంటకు కుప్పం పోయి తాంబూలం ఇచ్చి పెద్దాయనను పిలవాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. కొత్త పురుగులకు మొదటి ఆకు వేసేది మునిరాజే. ఆయనది మంచి చెయ్యి అని పేరు. ఆ చెయ్యికి ఒక పద్ధతి ఉంది. తన షెడ్డులో పెరుగుతున్న పురుగులను చేత్తో తాకి, ఆ చేతికి తువ్వాలు చుట్టుకుని, దారిలో ఏమీ తినకుండా, చెయ్యి తడపకుండా వచ్చి, ఆ చేత్తోనే తమ్ముడి షెడ్డులో మొదటి ఆకు వేయాలి. పండిన ఇంటి కళ ఆ చేతిలో వస్తుందని, నీళ్లు తగిలితే కళ కరిగిపోతుందని నమ్మకం. మునీశ్వరి పెళ్లయి వచ్చిన నాటి నుంచి చూస్తూనే ఉంది. ఎన్నడూ తప్పుగా తోచలేదు. ఇప్పుడు కుప్పం బస్సులో ఆంజనేయులు పక్కన కూర్చుంటే ఆ తువ్వాలు చుట్టిన చెయ్యే ఆమె కళ్ల ముందు ఆడింది.

కుప్పం ఇంట్లో అన్నదమ్ములు ముందు వసారాలో మాట్లాడుకుంటున్నారు. మునీశ్వరి తోడికోడలు వసంతమ్మతో పెరట్లోకి వెళ్లింది. షెడ్డు వెనక గట్టు మీద సున్నం చల్లిన కుప్ప కనబడింది. సున్నం కింద నుంచి పసుపు పచ్చగా ఉబ్బిన పురుగులు, వాటి మీద ఈగలు. మునీశ్వరి నిలబడిపోయింది. పాతిపెట్టాల్సినవి పాతిపెట్టలేదు, చెప్పాల్సినవాళ్లకు చెప్పలేదు.

వసంతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కొట్టం మూలకు లాగింది. "నాలుగు తట్లే మునీశ్వరీ. ఈ తూరి తక్కువే. పోయిన తూరి మీ ఇంటికి ఆకు ఎయ్యను వచ్చిన పొద్దే మొదట కనబడినాయి. సెయ్యి కడుక్కొని పో అని కాళ్లు పట్టుకున్నా. కడిగితే కళ పోతాదన్నాడు. నేను సెప్పినానని ఎవురికీ సెప్పొద్దమ్మా. ఈ ఇంట్లో నేను బతకల్ల."

చెప్పను అక్కా అంది మునీశ్వరి. ఆ మాట ఇచ్చాక తెలిసింది తాను ఎంత ఇరుకులో పడిందో. ఎవరు మోసుకొచ్చారో తెలిసింది, నోరు విప్పి అనడానికి లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. వసారాలో మునిరాజు పెద్దగా నవ్వుతూ, పిల్లిని ఇంకా వదిలిపెట్టలేదంటనే, డాక్టరు ఫీజులు కడతాండారంటనే అని తమ్ముడిని ఆడిపోసుకుంటున్నాడు. పురుగులు దిగే పొద్దుకు అది ఊళ్లో కనబడకూడదని చెప్పాడు. ఆంజనేయులు నేల చూపులు చూస్తున్నాడు. మునీశ్వరి తాంబూలం తట్ట ముందు పెట్టి, తప్పకుండా రాండి బావా అని మాత్రం చెప్పి వచ్చింది. తిరుగు బస్సులో మొగుడికి కూడా ఏమీ చెప్పలేదు. కిటికీ అవతల టమాటా తోటల కర్రలు పోతుంటే చూస్తూ, ఒకరి పేరు ఎత్తకుండా ఆ చెయ్యిని ఆపేది ఎట్లాగా అని ఆలోచించింది. పుంగనూరు వచ్చేసరికి తోవ దొరికింది. ఒకరిని ఆపితే అది నింద. అందరినీ ఆపితే అది కట్టుబాటు.

పురుగులు వచ్చే పొద్దు తెల్లవారుజామునే లేచి దూడ దగ్గర నుంచి పళ్లెం లాక్కొచ్చి తోమింది. షెడ్డు గుమ్మంలో పెట్టి బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లు పోసింది. పక్కన బకెట్టు, చెంబు, సబ్బు పెట్టింది. లోపలికి వేరే చెప్పులు. ఇదంతా ఏమిటే అని అడిగిన అత్తకు, ఈ పంటకు ఇట్లనే అని జవాబు. దొరసానిని చుట్టింటి ముందు ఎండలో వదిలింది. మెడ చుట్టూ కొత్త తోలు గులాబీ రంగులో మెరుస్తోంది, సన్నటి నూగు మొలుస్తోంది. అది ముందుకాళ్లు చాపుకుని షెడ్డు వైపు చూస్తూ కూర్చుంది. గుమ్మం దాటకూడదని ఇన్ని రోజుల్లో దానికి అర్థమైపోయింది.

భానుప్రకాశ్ మనుషులు పురుగుల తట్లు దించిపోయారు. వాళ్లు కూడా పళ్లెంలో తొక్కి, చేతులు కడుక్కునే లోపలికి వెళ్లారు. ఇరుగుపొరుగు నలుగురు చేరారు. కారు వచ్చి ఆగింది. మునిరాజు తెల్ల చొక్కాతో, కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని దిగాడు. దిగుతూనే చుట్టింటి ముందున్న పిల్లిని చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. వెంకటలక్ష్మమ్మ ఎదురుపోయి, పొద్దుట్నుంచి ఏమీ తినకుండా వచ్చినావా నాయనా అని అడిగి, ఆకు తట్ట చేతికి అందించబోయింది.

మునీశ్వరి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. "బావా, కాళ్లు పళ్లెంలో పెట్టి సేతులు కడుక్కొని రాండి. సబ్బు ఆడుండాది."

ఆయన నవ్వాడు, ఇది తెలియక అన్న మాట అనుకున్నాడు. "సెయ్యి కడిగితే ఇంక నేనెందుకు వచ్చినట్టు?"

"మీరు మా ఇంటికి పెద్దోళ్లు, అందుకు వచ్చినారు. పిలిచింది మిమ్మల్ని. సేతిని గాదు."

నవ్వు పోయింది. చేరిన నలుగురూ ఒక అడుగు ముందుకు వచ్చారు. మునిరాజు తువ్వాలు చుట్టిన చెయ్యి ఎత్తి పిల్లి వైపు చూపించాడు. చీము కారే దాన్ని ఇంట్లో పెట్టుకుని, పంట నిలబెట్టే చేతికి రోగం అంటగడతావా, ఎవరు నేర్పించారు నీకీ మాటలు అని అడిగాడు. మునీశ్వరికి నాలుక చివర వసంతమ్మ మాట ఉంది. షెడ్డు వెనక గట్టు ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఇంతమంది ముందు ఆయన తల ఎత్తలేడు. ఆ పైన వసంతమ్మ ఆ ఇంట్లో తల ఎత్తలేదు. మింగేసింది.

"రోగం నా సేతికే ఉన్నింది బావా" అంది. "దాని పుండు మీద పొడి పూసింది ఈ సెయ్యే. ప్రేమగానే పూసినా. పుండును పెంచింది నేనే. డాక్టరు సెప్పినాక ఒప్పుకున్నా. అప్పుట్నుంచి కడుక్కునే దాన్ని ముడతాండా. దాన్ని కూడా ఈ గుమ్మం దాటనీలేదు, ఆడ కూర్చోనుండాది సూడండి. దానికున్న కట్టుబాటే నాకు, మీకు, అందరికీ."

"అంటే నా సెయ్యి మంచిది కాదంటావు."

"మంచిదే బావా. కడిగితే పోయే మంచి అయితే మాకొద్దు."

లోపల తట్లలో ఆకలిగొన్న పురుగులు తలలెత్తి వెతుకుతున్నాయి. మునిరాజు తమ్ముడి వైపు తిరిగాడు. ఏరా, నీ ఇంట్లో మాట ఎవురిదిరా అని అడిగాడు. ఆంజనేయులు అలవాటుగా నేల వైపు చూశాడు. చూసి, చెప్పులు విడిచి, వచ్చి పళ్లెంలో ఒక కాలు, రెండో కాలు పెట్టాడు. వంగి సబ్బు తీసుకుని మోచేతుల దాకా రుద్ది, చెంబుతో నీళ్లు పోసుకున్నాడు. తడిచేతులు దులుపుకుంటూ పెళ్లాం పక్క నుంచి లోపలికి వెళ్లిపోయాడు. అంతే. అన్నకు అతను ఇచ్చిన జవాబు అదొక్కటే.

మునిరాజు కారెక్కాడు. ఎక్కేముందు తువ్వాలు విప్పి కోపంగా దులిపాడు. కాళ్లు బయటపెట్టి కాసేపు కూర్చున్నాడు, ఎవరైనా వచ్చి బతిమాలుతారని. మునీశ్వరికి పోవాలనిపించింది. పెద్దవాడు, పస్తుతో వచ్చినవాడు, పిలిచింది తానే. అయినా కదల్లేదు. కారు తలుపు పడింది, దుమ్ము లేచింది. నలుగురూ గుసగుసలాడుకుంటూ విడిపోయారు.

మొదటి ఆకు మునీశ్వరే వేసింది. సన్నగా తరిగిన ఆకును రెండు చేతులతో తట్టంతా పలచగా పరిచింది. కాసేపటికి పురుగులు ఆకు అంచులు పట్టాయి, చినుకులు పడుతున్నట్టు మేత చప్పుడు మొదలైంది. ఎన్ని పంటలు చూసినా ఆ చప్పుడు ఆమె కాసేపు నిలబడి వింటుంది. ఈ పంట నిలుస్తుందో లేదో ఎవరు చెప్పగలరు? నిలవకపోతే ఊరు ఎవరిని అంటుందో ఆమెకు బాగా తెలుసు. అననీ.

సాయంత్రం చుట్టింటి ముందు దొరసానిని ఒళ్లో పడుకోబెట్టుకుని మాత్ర వేస్తోంది. వెంకటలక్ష్మమ్మ పొద్దుటి నుంచి మాట్లాడలేదు, అన్నం కూడా తినలేదు. షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి పిల్లి మెడ వైపే చూస్తోంది.

"మానింది గదమ్మీ. ఇంకా యాల మాత్ర?"

"మానింది గాబట్టే ఏస్తాండా అత్తా. ఇప్పుడు ఆపితే మళ్లా వస్తాది."

ముసలామె పళ్లెం వైపు వంగింది. "తొక్కాల్సినోడు పాయె. ఈ నీళ్లు పారబోద్దునా?"

"ఉండనీ. రేపు మళ్లా కలుపుతా. వచ్చే పంటకూ ఉంటాది. బావ వచ్చినా తొక్కే లోపలికి పోవల్ల."

లోపల మాపటి మేతకు వేళయింది, ఆంజనేయులు ఒక్కడే ఆకు తరుగుతున్నాడు. వెంకటలక్ష్మమ్మ గోడ పట్టుకుని నిలబడి, కోక కుచ్చెళ్లు పైకి ఎగదోపుకుని, ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు పళ్లెంలో పెట్టింది. చలువకు ఒక్కసారి వణికింది. తర్వాత చేతులు చాపి, నీళ్లు పొయ్యి అమ్మీ అంది.